సితారాలు ముందా, ఉస్తాద్ ముందా?

పోయిన జుమా నాడు అసర్ నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మా మొహల్లా కుర్రాళ్ళు నలుగురు చుట్టుముట్టారు. "చాచా, టోర్నమెంట్ చందా" అన్నారు. కృష్ణ అవతల బెజవాడలో టెన్నిస్ బాల్ క్రికెట్ పోటీలు ఉన్నాయట. మూడేళ్ళుగా మా తాడేపల్లి పిల్లలు వెళ్ళడం, మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి బ్యారేజీ మీదుగా తలలు వంచుకుని తిరిగి రావడం మామూలైపోయింది. ఈసారి పెద్ద ప్లాన్ వేశారు. గుంటూరు నుంచి ఇద్దరు బ్యాట్స్‌మెన్‌ను, ఒంగోలు నుంచి ఒక ఫాస్ట్ బౌలర్‌ను డబ్బిచ్చి తెస్తారట. "ముగ్గురు సితారాలు వస్తున్నారు చాచా, కప్పు మనదే!"

ముగ్గురు వస్తే ముగ్గురు కూర్చోవాలి కదా. ఎవరు కూర్చుంటారని అడిగాను. ముగ్గురి పేర్లు చెప్పారు. వాళ్ళలో ఒకడు మా ఆపా కొడుకు. వాడూ చందా పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఏడాది పొడుగునా ఫజర్ అయ్యాక గ్రౌండ్‌కి పోయేది వాడే. "పర్వాలేదు మామూ, టీమ్ గెలవాలి కదా" అన్నాడు నేల చూస్తూ.

ఇస్తానురా, కానీ ముందు ఒక ఖిస్సా వినండి అన్నాను. వినే తీరిక వాళ్ళకు లేదు, ఇంకా పది ఇళ్ళు తిరగాలి. అందుకే ఆ ఖిస్సా ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్ళకు చదివి వినిపించండి.

బయటివాళ్ళను తెచ్చి గెలిచిన టీమ్

ముందు ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. బయటి నుంచి ఆటగాళ్ళను తెచ్చుకోవడం కొత్తదీ కాదు, తప్పూ కాదు. మన కౌమ్ గర్వంగా చెప్పుకునే కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ చేసింది అదే. 1891లో పుట్టిన ఆ క్లబ్ ఏళ్ళ తరబడి రెండో డివిజన్‌లోనే నలిగింది. 1930ల మొదట్లో దేశమంతా గాలించి ఆటగాళ్ళను పోగుచేసింది. బెంగుళూరు నుంచి కొందరు, క్వెట్టా నుంచి జుమ్మా ఖాన్, అప్పటికే 'జాదూగర్' అని పేరుపడ్డ సయ్యద్ అబ్దుస్ సమద్, ఇలా. వాళ్ళతో పాటు ఇంకో మార్పు కూడా తెచ్చింది. మిగతా హిందుస్తానీ టీములు వట్టి కాళ్ళతో ఆడే రోజుల్లో వానాకాలం బురదలో తన ఆటగాళ్ళకు బూట్లు వేయించింది.

1934లో మొదటి డివిజన్‌లోకి అడుగుపెట్టిన సంవత్సరమే కలకత్తా లీగ్ గెలిచింది. గోరా పల్టన్ల టీములు ఏలుతున్న ఆ లీగ్‌ను గెలిచిన మొదటి హిందుస్తానీ టీమ్ అదే. 1938 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. 1940లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా కొట్టింది. దాన్ని కూడా అంతకుముందు మనవాళ్ళెవరూ గెలవలేదు.

అయితే ఒకటి గమనించండి. ఆ ఆటగాళ్ళు ఒక టోర్నమెంట్ కోసం వచ్చి మర్నాడు సంచి సర్దుకుని పోలేదు. ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. సితారాలు వచ్చారు, వాళ్ళతో పాటు బూట్లూ, కట్టుబాటూ వచ్చాయి. ఒకటి లేకుండా ఇంకొకటి వస్తే ఏమయ్యేదో చెప్పలేం.

1948 తర్వాత

ఇప్పుడు అసలు ఖిస్సాకు వద్దాం. ఇది మన హైదరాబాద్‌ది.

1948 సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజ్ నిజాం రియాసత్‌లోకి వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ తర్వాత జిల్లాల్లో జరిగింది మన పెద్దలు చాలామంది నోరు విప్పి చెప్పలేదు. పండిత్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి వేసిన అంచనా, 27,000 నుంచి 40,000 ప్రాణాలు. రియాసత్ పోయింది, నౌకరీలు పోయాయి, జాగీర్లు పోయాయి. చదువుకున్న కుటుంబాలు కొన్ని కరాచీ ఓడ ఎక్కాయి. మిగిలినవాళ్ళకు ఈ కొత్త దేశంలో మన జగా ఎక్కడ అన్న సవాల్ మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ అనే ఫుట్‌బాల్ టీమ్ ఒకటి ఉంది. మొహల్లా గలీల్లో బంతి తన్నుతూ పెరిగిన పేద పిల్లలకు పోలీసు నౌకరీ ఇచ్చి ఆడించేవారు. ఆటకు ఆట, ఇంటికి నెల జీతం. శివకుమార్ లాల్ అనే పోలీసు అధికారి దానికి అండగా నిలిచాడు. నార్బర్ట్ ఫ్రూవాల్ పిల్లల ఒళ్ళు గట్టిపరిచాడు. వాళ్ళ మధ్యకు ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీ టీమ్‌కు ఆడాడు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో స్కూళ్ళల్లో పాఠాలు చెప్పాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నాడు. 1950లో పోలీస్ టీమ్ కోచ్ అయ్యాడు, అదే కాలంలో దేశపు టీమ్ కూడా ఆయన చేతికి వచ్చింది.

ఆ సంవత్సరమే, అంటే పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్ళకే, హైదరాబాద్ సిటీ పోలీస్ బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీ వెళ్ళి, బట్వారా తర్వాత మళ్ళీ మొదలైన డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఎదుర్కొంది. మొదటి మ్యాచ్ తేలలేదు. మళ్ళీ ఆడి గెలిచింది. కలకత్తా బాబుల టీమ్‌ను హైదరాబాద్ జవాన్లు ఓడించారంటే దేశంలో ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళంతా తిరిగి చూశారు. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, లతీఫ్ అన్న పేర్లు అప్పుడే పేపర్లకు ఎక్కాయి.

1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు వాళ్ళదే. ఆ రికార్డును ఇంకే టీమ్ అందుకోలేదు. డ్యూరాండ్ 1954లో, 1957లో మళ్ళీ గెలిచారు. టీమ్ పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారాక 1961లో ఇంకోసారి గెలిచారు.

రాష్ట్రం టీమ్ కథ కూడా వినండి. సంతోష్ ట్రోఫీ ఫైనల్లో 1949లో బెంగాల్ చేతిలో 5-0తో చిత్తుగా ఓడింది హైదరాబాద్. మర్నాటి ఏడు మళ్ళీ ఫైనల్‌కు వచ్చి అదే బెంగాల్ చేతిలో 1-0తో ఓడింది. 1956-57లో, 1957-58లో వరసగా ట్రోఫీ ఇంటికి తెచ్చింది. ఐదు గోళ్ళ ఓటమి నుంచి ఛాంపియన్ అయ్యేదాకా ఏడేళ్ళు పట్టింది. ఈ ఏడేళ్ళ లెక్క మా తాడేపల్లి పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

మాస్టారు పాఠం

రహీం సాబ్ ఏం చేశాడు? జాదూ ఏమీ లేదు, బడిలో చేసేదే మైదానంలో చేశాడు.

మన పిల్లల జబ్బు ఏమిటో ఆయనకు తెలుసు. కాలికి బంతి అందితే వదలరు, నలుగురిని తప్పించి షాబాష్ అనిపించుకోవాలని చూస్తారు. ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టాడు. బంతి వచ్చిన వెంటనే ఇంకొకడికి ఇచ్చేయాలి. కుడికాలి పిల్లలకు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టాడు. నవ్వుకుంటూ మొదలుపెట్టిన ఆ ఆటలతోనే రెండు కాళ్ళతో ఆడగల, చూడకుండా పాస్ ఇవ్వగల కుర్రాళ్ళు తయారయ్యారు. ఒక్కడి హునర్‌ను పదకొండు మంది హునర్‌గా మార్చడం అంటే ఇదే.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పిల్లవాడు ఉండేవాడు. రోజూ హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చేయడానికి చేతిలో పైసలు లేవు. సైకిల్ కిరాయికి డబ్బిచ్చి రప్పించుకున్నది రహీం సాబేనని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ సైకిల్ మీద వచ్చిన పిల్లవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. సితారా అంటే ఆకాశం నుంచి ఊడిపడేవాడు కాదు. ఎవరో ఒకరు అతని సైకిల్ కిరాయి కట్టి ఉంటారు.

హెల్సింకి, మెల్‌బోర్న్, జకార్తా

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. చలి దేశంలో చాలామంది వట్టి కాళ్ళతోనే దిగారు. అప్పటికి ఏడాది ముందు ఢిల్లీలో ఇరాన్‌ను ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిందీ రహీం సాబే. ఆయన ఆ బంగారం చూపించి తప్పించుకోలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1953లో హంగరీ టీమ్ ఇంగ్లండ్‌ను వెంబ్లీలో 6-3తో ఓడించినప్పుడు సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించిన పద్ధతిని రహీం సాబ్ పట్టుకున్నాడు, మనవాళ్ళకు నేర్పాడు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది రహీం సాబ్ టీమ్. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. ఆ టీమ్‌లో అజీజుద్దీన్, నూర్, లతీఫ్, జుల్ఫికార్, బలరాం అందరూ మన హైదరాబాద్ వాళ్ళు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ అంతకన్నా పైకి ఇప్పటికీ పోలేదు.

ఇక జకార్తా, 1962. రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పెరుగుతోంది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను రానివ్వలేదన్న గొడవలో మన అధికారి ఒకాయన ఆతిథ్య దేశాన్ని తప్పుపట్టాడని అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం. కానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. తలతో బంతి ఆపాల్సిన డిఫెండర్ ఇక పనికిరాడని ఇంకొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు జర్నైల్. 3-2తో గెలిచాం.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. లక్షమంది దాకా జనం మనల్ని హేళన చేస్తున్నారు. ఆ హంగామాలో మన వైపు అరిచింది పాకిస్తాన్ హాకీ టీమ్ ఆటగాళ్ళని ఆ మ్యాచ్ ఆడినవాళ్ళే చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1. బంగారం మనది. బెంగాలీ బ్రాహ్మడు, పంజాబీ సిక్కు, సికింద్రాబాద్ బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఒకే జట్టుగా నిలబడ్డారు. వాళ్ళను అల్లిన దారం హైదరాబాద్ ఉర్దూ మాస్టారుది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 53. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం ఆ జకార్తా తర్వాత మనకు మళ్ళీ రాలేదు.

కలకత్తాకు రైలెక్కిన సితారాలు

ఒక ఉస్తాద్ పోతే తోట ఒక్క రోజులో ఎండిపోదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ మళ్ళీ గెలిచాం. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ మన హైదరాబాదీయే. 1977లో పీలే కాస్మోస్ టీమ్‌తో కలకత్తా వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. అందులో ఒక గోల్ హైదరాబాద్ మొహమ్మద్ హబీబ్‌ది. తమ్ముడు అక్బర్, తర్వాత షబ్బీర్ అలీ, అందరూ మనవాళ్ళే.

కానీ వాళ్ళు ఆడిందెక్కడ? కలకత్తాలో. అంతకుముందు బలరాం కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఈస్ట్ బెంగాల్ 'పంచ పాండవులు' అని ఐదుగురు ఫార్వర్డ్‌లను చెప్పుకుంటుంది. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే, అప్పారావు మన కాకినాడ వాడు. ఆ ఐదుగురితో ఆ క్లబ్ 1949, 50, 51 మూడేళ్ళు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. కొనుక్కున్న ఊరు కళకళలాడింది. కన్న ఊరు మెల్లగా ఖాళీ అయింది.

వాళ్ళను తప్పుపట్టలేను. ఇల్లు గడవాలి, చెల్లెళ్ళ నికాహ్‌లు చేయాలి. కలకత్తాలో ఇజ్జత్ ఉంది, పైసా ఉంది. ఇక్కడ రహీం సాబ్ తర్వాత ఆ పిల్లల కోసం సాయంత్రాలు మైదానంలో గడిపేవాళ్ళు తగ్గిపోయారు. నా బాధ అక్కడుంది. సితారాలు పోవడం కన్నా, కొత్త సితారాలను తయారుచేసే చేయి ఆగిపోవడం పెద్ద నష్టం.

కొన్న టీములు

క్రికెట్ పిల్లలు కాబట్టి వాళ్ళకు తెలిసిన మిసాల్ చెబుతాను. 2008 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ అన్నిటికన్నా కింద నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు. గిబ్స్, రోహిత్ శర్మ, ఆర్.పి. సింగ్ ఉన్నారు. చివరి నుంచి మొదటికి ఎగబాకి కప్పు కొట్టింది. 2012కల్లా ఆ టీమే లేకుండా పోయింది.

ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో పదో స్థానం, అంటే అట్టడుగు. స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్ళను నమ్మాడు, ఐదో స్థానానికి తెచ్చాడు. ఆ తర్వాత నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే చేరాడు, ఒక్క సీజన్‌లో 18 గోళ్ళు కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చారు. వరస చూడండి. ముందు ఉస్తాద్ వచ్చాడు, తర్వాత సితారా వచ్చాడు, అప్పుడు కప్పు వచ్చింది. కానీ కింద పునాది లేదు. జీతాల బకాయిల గొడవలు మొదలయ్యాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో మళ్ళీ అట్టడుగు. 2025లో టీమే ఢిల్లీకి తరలిపోయింది.

పోలీస్ టీమ్‌కు ఇన్ని కోట్లు ఎక్కడివి? కానిస్టేబుల్ జీతాలు, ఒక మాస్టారు, మొహల్లా పిల్లలు. అయినా పదమూడేళ్ళు నిలిచింది.

మళ్ళీ మా మొహల్లాకు

నేను ఉర్దూ మీడియం స్కూల్లో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను. రెండు భాషల పాఠ్య పుస్తకాల్లోనూ రహీం సాబ్ పేరు నాకు కనపడలేదు. 2024లో ఈద్‌కు 'మైదాన్' సినిమా వచ్చి అజయ్ దేవ్‌గన్ ఆయన వేషం కడితేగానీ మా ఇంటి పిల్లలకు తెలియలేదు. తారీఖ్ మనం చెప్పుకోకపోతే సినిమావాళ్ళు చెప్పేదాకా ఆగాల్సి వస్తుంది.

ఇషా తర్వాత కుర్రాళ్ళను ఇంటికి పిలిచాను. మా బేగం చాయ్ పెట్టింది. ఈ ఖిస్సా అంతా చెప్పాను. ఒకడు ఫోన్ చూసుకున్నాడు, ముగ్గురు విన్నారు.

"అయితే ఆ ముగ్గురిని తేవద్దంటారా చాచా?" అని అడిగారు.

తెండి అన్నాను. మొహమ్మడన్ వాళ్ళూ తెచ్చారు. కానీ టోర్నమెంట్ పొద్దున దింపి సాయంత్రం పంపేయకండి. ముగ్గురు వద్దు, ఒక్కడిని తెండి. నెల ముందు నుంచి ఆదివారాలు రప్పించండి. ఆ ఒంగోలు బౌలర్ మీ ఇద్దరు బౌలర్లకు చేయి తిప్పడం నేర్పితే, వాడికిచ్చిన పైసా వాడు వెళ్ళిపోయాక కూడా మన మొహల్లాలోనే ఉంటుంది. మంగళగిరిలో రిటైరైన డ్రిల్ మాస్టారు ఒకాయన ఉన్నారు, సాయంత్రాలు ఖాళీయే. ఆయన్ను అడగండి. నా చందాలో సగం ఇప్పుడే ఇస్తాను, మిగతా సగం ఆయన ఆటో కిరాయికి.

వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఒప్పుకున్నారో లేదో నాకు సరిగ్గా అర్థం కాలేదు. మా ఆపా కొడుకు మాత్రం గడప దాటుతూ వెనక్కి తిరిగి, "మామూ, ఆ డ్రిల్ మాస్టారు ఇల్లు ఎక్కడ?" అని అడిగాడు.

చెప్పాను. పోటీలు అయ్యాక ఏమైందో ఇక్కడే రాస్తాను. గెలిచినా రాస్తాను, ఓడినా రాస్తాను. మీ ఇంట్లో నానాలో దాదాలో ఎవరైనా ఆ రోజుల ఫుట్‌బాల్ చూసినవాళ్ళుంటే, వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసిపెట్టండి. అల్లాహ్ రహీం సాబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించాలి. ఆమీన్.